తాళం చెవి

జూలై. రాత్రి పదకొండు.
కౌతోకేనో దాటి ఇంకా ఉత్తరాన
సూర్యుడు కొండ మీద మోచెయ్యి ఆనించి కూచున్నాడు,
దిగే ఉద్దేశం లేదు.
దోమలు మాత్రం తమ డ్యూటీ తాము చేస్తున్నాయి.

కంచె లోపల నూట యాభై రెయిన్‌డీర్లు
ఒకే వైపు, ఎడమకే, సుడి తిరుగుతున్నాయి.
నడిచినప్పుడల్లా వాటి కాళ్ళు టిక్కు టిక్కుమంటాయి,
ఊరంతా ఒకేసారి టైపు చేస్తున్నట్టు.
జీపు బానెట్ మీద లాప్‌టాప్ పెట్టుకుని
రిస్తెన్ నిజంగానే టైపు చేస్తోంది.

ఇక్కడి పద్ధతి ఇది:
కూనల్ని ఒక్కొక్కటిగా పట్టి
మెడకో అట్టముక్క కడతారు, అంకె వేసి.
వదిలేస్తారు.
ఆపైన ఎవరూ మాట్లాడరు. చూస్తారు.
ఏ కూన ఏ తల్లి వెనక పడింది,
ఏ పొదుగు కింద తల దూర్చింది,
చూసి చిన్న పుస్తకంలో రాసుకుంటారు.
ఆ తల్లి చెవికి ఏ కోత ఉందో
కూన చెవికీ ఆ కోతే.
మందంటే
చెవుల మీద రాసుకున్న పట్టిక.

డేటాబేస్‌కి ఈ ఓపిక లేదు.
కూనని రాయబోతే
"తల్లేది?" అని గుమ్మంలోనే నిలదీస్తుంది.
తప్పు దానిది కాదు. ఫారిన్ కీ పనే అది:
అవతలి పట్టికలో నీవాళ్ళెవరో చూపించందే
ఇవతల పీట వెయ్యరు.

పోయినేడు రిస్తెన్ ఒక అబద్ధపు తల్లిని పుట్టించింది.
నంబరు సున్నా. ఊరూ పేరూ లేదు.
కూనలన్నిటినీ దాని కింద రాసి
తర్వాత దిద్దుకుందాం అనుకుంది.
చలికాలంలో పెద్దమ్మ రవ్‌ద్నా ప్రింటు తీయించి చదివింది.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అడిగింది:
"ఈ సున్నాకి ముప్పై ఎనిమిది మంది పిల్లలా?
పాపం, పాలెలా సరిపెడుతోందే?"

నిజానికి డేటాబేస్‌కి ఆగడం తెలుసు.
ఇప్పుడు కాదు, చివర్లో అడుగు, అంటే వింటుంది.
ఆ మాట మోసుకెళ్ళాల్సిన పైథాన్ లైబ్రరీకే రాదు.
దాని ఫారిన్ కీకి పేరు వచ్చు, కాలమ్ వచ్చు,
తల్లి పోతే పిల్లని తుడిచెయ్యడమూ వచ్చు;
వేచి ఉండడం రాదు.

అందుకని దాని కడుపున ఇంకో క్లాసు.
పదకొండు లైన్లు.
అమ్మ చెప్పాల్సిందంతా
సూపర్ అని పిలిచి అమ్మ చేతే చెప్పించి,
తోకకి ఒక్క మాట కట్టింది:
కమిట్ దాకా ఆగు.
పదకొండు లైన్లకి మూడు రోజులు పట్టింది.
అందులో ఒక రోజు కామా.

తెలుగులో తాళానికి చెవి ఉంటుంది.
ఈ సంగతి రిస్తెన్‌కి తెలిసే దారి లేదు.
తెలిస్తే నవ్వేది, చేతిలో చిన్న కత్తితో,
"మాకూ అంతేగా" అనేది.

తెల్లారిందనడానికి లేదు; గడియారం మూడన్నది.
రవ్‌ద్నా కంచె మీంచి అంకెలు అరుస్తోంది.
పన్నెండు, కొమ్ము విరిగినదాని బిడ్డ.
ముప్పై, మీ చిన్నాన్నది.
ఐదు, కాదు కాదు, ఆగు, అది దొంగపాలు తాగుతోంది.
తల్లులు ఒక్కొక్కటే పట్టికలోకి వస్తున్నాయి,
పిల్లల కన్నా వెనక,
ఎవరూ అడ్డుపడడం లేదు.

నలభై ఆరింటికి దొరికాయి.

నలభై ఏడు మూలన నిలబడింది.
ఇద్దరు ముగ్గురి దగ్గరికి వెళ్ళింది, తన్నించుకుంది.
ఇప్పుడు కమిట్ నొక్కితే
ఈ ఒక్కదాని కోసం రాత్రంతా వెనక్కి పోతుంది,
నలభై ఆరు చుట్టరికాలూ రాయనట్టే.

"దీన్ని తీసేసి నొక్కనా?"
రవ్‌ద్నా కాఫీలో జున్నుముక్క వేసుకుని
అది మెత్తబడేదాకా చూసింది.
"బ్యాటరీ ఎంతుంది?"
"ఇరవై రెండు శాతం."
"అయితే టైముంది."

కొండ అవతల వెనకబడ్డ తల్లెవరో
గురకలాంటి గొంతుతో పిలిచిందో, గాలో.
కోత పడని చెవులు రెండూ
అటు తిరిగాయి.